స్విచ్ ఎవరి చేతిలో ఉంది?

2025 జులైలో ఒక వార్త వచ్చింది. మన ఐటీ వాళ్ళలో చాలామంది దాన్ని ఏదో మెయిల్ గొడవలే అని చదివి వదిలేశారు. గుజరాత్‌లోని వాడినార్‌లో నయారా ఎనర్జీ అని ఒక రిఫైనరీ ఉంది. ఏడాదికి 2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేయగలదు. అంటే దేశం మొత్తం సామర్థ్యంలో సుమారు 8 శాతం. అందులో 49 శాతం పైచిలుకు వాటా రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌ది. జులై 18న యూరోపియన్ యూనియన్ ఆంక్షల జాబితాలో నయారా పేరు చేర్చింది. నాలుగైదు రోజుల్లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ సేవలు ఆపేసింది. మెయిల్ లేదు, టీమ్స్ లేదు, సొంత డేటా చేతికి రాదు. అవి డబ్బు కట్టి తీసుకున్న లైసెన్సులే. కంపెనీ మన దేశంలో ఉంది, మన చట్టం ప్రకారం నడుస్తోంది, మన దేశంలో ఏ తప్పూ చేయలేదు. అయినా స్విచ్ ఇంకెక్కడో ఉంది, ఎవరో నొక్కారు, ఆగిపోయింది. నయారా వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకెళ్ళాక నెలాఖరుకి సేవలు మళ్ళీ వచ్చాయి. ఈ లోపల రెడిఫ్ మెయిల్‌కి మారి పని నడుపుకున్నారు. (రెడిఫ్ ఇంకా బతికే ఉందన్న సంగతి మా ఆఫీసులో సగం మందికి అప్పుడే తెలిసింది.)

మా టీమ్‌లో దీని మీద చర్చంతా క్లౌడ్ గురించీ, వెండర్ లాకిన్ గురించీ జరిగింది. నాకు మాత్రం రిఫైనరీ వైపు నుంచి ఆలోచన మొదలైంది. మెయిల్ ఆగితే రెడిఫ్ ఉంది. మరి ముడిచమురు ఆగితే?

ఇంధనం గురించి మనం మాట్లాడుకునేది రెండే సందర్భాల్లో. పెట్రోలు ధర పెరిగినప్పుడు, బండి మైలేజీ తగ్గినప్పుడు. ఈ మధ్య 20 శాతం ఇథనాల్ కలిపాక రెండోది బాగా ఎక్కువైంది. అసలు విషయం అంతకన్నా పెద్దది. 2024-25లో మనం సుమారు 24 కోట్ల టన్నుల ముడిచమురు దిగుమతి చేసుకున్నాం. దానికి అయిన బిల్లు 137 బిలియన్ డాలర్ల దాకా ఉంది. సొంతంగా తీసింది 3 కోట్ల టన్నులు కూడా లేదు. దిగుమతి మీద ఆధారపడే శాతం 88 దగ్గర ఉంది. 2015 మార్చిలో ప్రధాని ఒక లక్ష్యం పెట్టారు, 77 శాతంగా ఉన్న దీన్ని 2022 కల్లా 10 పాయింట్లు తగ్గిద్దామని. అంటే 67కి. తీరా 2022-23లో చూస్తే 87 దాటింది. వాడకం పెరిగింది, ఉన్న బావులు ముసలివయ్యాయి, కొత్తవి దొరకలేదు. ఇందులో ఫలానా పార్టీని తిట్టాల్సింది పెద్దగా లేదు. వేరే పార్టీ ఉన్నా భూమిలో లేని నూనె పైకి రాదు కదా!

నా గొడవ వేరే. ఆ శాతాన్ని పట్టుకుని కూర్చోవడమే తప్పు అంటాను. జపాన్‌ని చూడండి. వాళ్ళకి దాదాపు నూటికి నూరు శాతం దిగుమతే. 1973 దెబ్బ తిన్నాక 1975లో చమురు నిల్వల చట్టం చేసుకున్నారు. 2024 నాటికి వాళ్ళ దగ్గర ప్రభుత్వం, కంపెనీలు కలిపి 200 రోజులకు పైగా సరిపడే నిల్వ ఉంది. శాతంలో మనకన్నా అధ్వాన్నం, నిశ్చింతలో మనకన్నా మెరుగు. మన భాషలో చెప్పాలంటే, మీ అప్లికేషన్‌లో బయటి లైబ్రరీలు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆ బయటి సర్వీసు పడిపోతే మీది ఎన్ని గంటలు నిలబడుతుంది, రెండో ప్రొవైడర్‌కి ఎంత సేపట్లో మారగలరు, ఆపే అధికారం ఎంతమంది చేతుల్లో ఉంది... ఇవీ ప్రశ్నలు.

మూడో ప్రశ్నకి జవాబు మనకి బాగానే అనుభవం. ఇరాన్ మనకి దగ్గర, మన రిఫైనరీలకి ఆ నూనె అలవాటు, అప్పుకి కూడా ఇచ్చేవాళ్ళు. 2019 మేలో అమెరికా మినహాయింపులు ఎత్తేసింది, కొనడం ఆపేశాం. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపు. 2022 తర్వాత రెండేళ్ళలో అది మూడోవంతు దాటింది, ఎందుకంటే చవక. 2025 ఆగస్టులో అదే కారణం చూపి మన సరుకుల మీద అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసింది. నూనె కొన్నది ప్రభుత్వ, ప్రైవేటు రిఫైనరీలు. దెబ్బ తగిలింది మన తీరంలో రొయ్యలు పెంచే భీమవరం రైతుకి! ఈ లంకె ఎవరైనా ముందు ఊహించారా?

"డబ్బుంటే మార్కెట్లో ఎక్కడైనా దొరుకుతుంది కదా మామా" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. మామూలు రోజుల్లో నిజమే. కానీ 2022లో గెయిల్‌కి ఏమైందో చూడండి. రష్యా గాజ్‌ప్రామ్‌కి చెందిన సింగపూర్ సంస్థతో 20 ఏళ్ళ ఎల్‌ఎన్‌జీ ఒప్పందం ఉంది. యుద్ధం వచ్చాక ఆ సంస్థ మాతృసంస్థని జర్మనీ తన ఆధీనంలోకి తీసుకుంది. ఆ వెంటనే మనకి రావాల్సిన ఓడలు ఆగిపోయాయి. ఒప్పందం కాగితం చెక్కు చెదరలేదు, ఓడలే రాలేదు. గెయిల్ ఎరువుల కంపెనీలకీ పరిశ్రమలకీ సరఫరాలో కోత పెట్టుకుంది. యూరప్ వాళ్ళు ఎంత ధరైనా పెట్టి కొంటుంటే మార్కెట్లో నిలబడి బేరమాడే స్థితి మనకి లేదు.

ఇక మొదటి ప్రశ్న, ఎన్ని రోజులు నిలబడతాం? దీనికి జవాబులో కొంత భాగం మన విశాఖలోనే ఉంది, కొండ కింద. నేను విశాఖ ఎన్నిసార్లు వెళ్ళానో, బీచ్ రోడ్డు, కైలాసగిరి, అరకు తప్ప దీని గురించి ఒక్కరూ చెప్పగా వినలేదు. నేల లోపల రాతిని తొలిచి పెద్ద పెద్ద సొరంగాలు చేశారు. 13.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. 2015లో మొదలైంది. ఆ తర్వాత మంగళూరులో 15 లక్షలు, ఉడుపి దగ్గర పాదూరులో 25 లక్షల టన్నులవి వచ్చాయి.

ఇంజనీరుగా నాకు ముచ్చటేసిన సంగతేమిటంటే, ఆ గుహలకి స్టీలు తొడుగు ఉండదు. ఉత్త రాయి. రాయిలో పగుళ్ళు ఉంటాయి కదా, నూనె కారిపోదా అని అడుగుతారు. గుహ చుట్టూ, పైనా భూగర్భ జలం ఉంటుంది. ఆ నీటి ఒత్తిడి నూనె ఒత్తిడికన్నా ఎప్పుడూ ఎక్కువ ఉండేలా, పైన చిన్న సొరంగాల నుంచి నీళ్ళు పంపిస్తూ ఉంటారు. అందువల్ల నూనె బయటికి కారదు, నీళ్ళే కొంచెం కొంచెం లోపలికి ఊరతాయి. నూనె నీటి మీద తేలుతుంది కాబట్టి అడుగున చేరిన నీటిని తోడేస్తే సరి. మన ఊళ్ళలో నుయ్యి తవ్వినవాళ్ళకి ఈ సూత్రం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మూడు చోట్లా కలిపి 53.3 లక్షల టన్నులు. 2024-25 దిగుమతిని 365తో భాగిస్తే రోజుకి సుమారు 6.6 లక్షల టన్నులు. భాగించండి. 8 రోజులు! అదీ గుహలు అంచుదాకా నిండి ఉంటే. ప్రభుత్వం చెప్పే 9.5 రోజులు 2019-20 వాడకం ప్రకారం వేసిన లెక్క. దానికి చమురు కంపెనీల దగ్గరుండే 64.5 రోజుల నిల్వ కలిపి 74 రోజులని పార్లమెంటులో చెప్తారు. ఏమాటకామాటే, అంతర్జాతీయ ఇంధన సంస్థ పెట్టిన 90 రోజుల నియమంలోనూ కంపెనీల నిల్వ కలుస్తుంది. కానీ ఆ కంపెనీల నిల్వలో ట్యాంకుల్లో, పైపుల్లో, దారిలో తిరుగుతున్న సరుకంతా ఉంటుంది. పైపులో నూనె అంతా తోడేస్తే పైపు పని చెయ్యదు. ప్రొడక్షన్ సర్వర్లో ఉన్న డేటాని చూపించి ఇదే మా బ్యాకప్ అంటే క్లయింటు ఊరుకుంటాడా?

వంటగ్యాసు సంగతి ఇంకా ఘోరం. ఆ మూడు గుహలూ ముడిచమురుకే. గ్యాసుకి విశాఖలోనే వేరే గుహ ఉంది, హెచ్‌పీసీఎల్, ఫ్రాన్సు వాళ్ళ టోటల్ కలిసి కట్టినది, 60 వేల టన్నులు పడుతుంది. చాలా పెద్దదనిపిస్తోంది కదా. 2024-25లో దేశం వాడిన వంటగ్యాసు 3.1 కోట్ల టన్నుల పైన. రోజుకి 85 వేల టన్నులు. అంటే ఆ గుహ మొత్తం దేశానికి ఒక్క పూట మాట! ఇందులో 60 శాతానికి పైగా దిగుమతి, ఆ దిగుమతిలో అత్యధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి. 2025 నవంబరులో అమెరికా నుంచి 22 లక్షల టన్నులకి ఒప్పందం చేసుకున్నారు, 2026కి. అది దిగుమతుల్లో పదో వంతు. మంచిదే, కానీ పదో వంతే.

మన రాష్ట్రంలో 1999లో దీపం పథకంతో పల్లెల్లో ఆడవాళ్ళకి గ్యాసు పొయ్యి అందింది. 2016లో ఉజ్వలతో దేశమంతా అందింది. పొగ నుంచి కళ్ళు, ఊపిరితిత్తులు బతికాయి, నేను దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. 2024లో ఆంధ్రాలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు, తెలంగాణలో 500కే అన్నారు. అదీ సరే. ఎంత మందికి అలవాటు చేశామో అంత మందికి సరిపడా నిల్వ కట్టడం మాత్రం ఏ మేనిఫెస్టోలోనూ కనపడదు. మా అమ్మమ్మ వాళ్ళింట్లో కట్టెల పొయ్యి ఎప్పుడో తీసేసి అక్కడ ఫ్రిజ్ పెట్టారు. కిరోసిన్ స్టవ్ ఇంట్లో లేదు. రోల్‌బ్యాక్ దారి మూసేశాక, సర్వీసు ఆగకుండా చూసే బాధ్యత పెరుగుతుందా తగ్గుతుందా?

నిల్వ అంటే డబ్బు నేలలో పాతిపెట్టడమే కదా అంటారు లెక్కల వాళ్ళు. 2020 ఏప్రిల్, మేలలో కోవిడ్ వల్ల ధర పడిపోయినప్పుడు మనవాళ్ళు ఈ గుహల్ని బ్యారెల్ సగటున 19 డాలర్లకి నింపారు. అదే ఏడాది జనవరిలో 60. మిగిలింది 5,000 కోట్లని ప్రభుత్వమే చెప్పింది. గుహలు ఇంకో మూడింతలు ఉండుంటే ఎంత మిగిలేదో మీరే చూసుకోండి. రెండో దశలో ఒడిశా చండిఖోల్‌లో 40 లక్షలు, పాదూరులో ఇంకో 25 లక్షల టన్నులకి 2018లో సూత్రప్రాయంగా, 2021లో పూర్తిగా ఆమోదం ఇచ్చారు. పాదూరు పని 2025లో హైదరాబాదుకి చెందిన మేఘా ఇంజనీరింగ్‌కి దక్కింది. ఆమోదం నుంచి కాంట్రాక్టుకే ఏడేళ్ళు! రాయి తొలవడానికి ఇంకా కొన్నేళ్ళు. మనం స్ప్రింట్ రెండు వారాలు ఆలస్యమైతే ఎస్కలేషన్ మెయిళ్ళు పెడతాం.

సరే, దిగుమతి లేకుండా సొంతంగా దొరికితే ఈ గొడవంతా ఉండదు కదా? ఆ ముచ్చటా మనకి తీరింది. అన్నట్టు, దాని పేరు కేజీ బేసిన్.

2002లో కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలో రిలయన్స్‌కి గ్యాసు దొరికింది. అప్పటి పేపర్ల ఊపు చూస్తే గోదావరి జిల్లాలు ఇంకో దుబాయ్ అయిపోతాయనిపిస్తుంది. ఆ ఊపులోనే జేగురుపాడు రెండో దశ 220, వేమగిరి 388, గౌతమి 464, కోనసీమ 445 మెగావాట్లు, వెరసి 1,500 పైచిలుకు మెగావాట్ల గ్యాసు ప్లాంట్లు కట్టారు. ప్లాంట్లు 2006 ప్రాంతానికి తయారు. గ్యాసు రాలేదు. టర్బైన్లు దుమ్ము పట్టి కూర్చున్నాయి. 2009 ఏప్రిల్లో గ్యాసు మొదలైంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు, 2010లో 6 కోట్లు దాటింది. అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టి 2013కి ఒకటిన్నర కోట్ల దగ్గరికొచ్చింది. ఉన్న కొంచెం గ్యాసులో ఎరువులకి ముందు, కరెంటుకి తర్వాత అనే వరస అమలయ్యేసరికి, 2013లో ప్లాంట్లకి ఆ క్షేత్రం గ్యాసు సున్నా అయ్యింది. భూగర్భం మేమనుకున్నట్టు లేదు, నీళ్ళూ ఇసుకా వస్తున్నాయని కంపెనీ అంది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. మొదట చెప్పిన నిల్వలో మూడోవంతు దరిదాపుల్లోనే ఉందని తేలింది. తగువు ఆర్బిట్రేషన్లకి ఎక్కింది. ఆ మొదటి బావులు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడ్డాయి. తర్వాత పక్కన కొత్త క్షేత్రాల నుంచి మళ్ళీ గ్యాసు తీశారు, అది వేరే కథ.

2012-13లో నేను పదో తరగతి. కరెంటు కోతల వేళలు పేపర్లో టైమ్‌టేబుల్‌లా వచ్చేవి. పరిశ్రమలకి పవర్ హాలిడేలు. మా వీధిలో జిరాక్సు షాపు ఆయన జనరేటర్ డీజిల్ ఖర్చుకి పేజీకి అర్ధరూపాయి పెంచాడు. మనూళ్ళో గ్యాసు, మనూళ్ళో ప్లాంటు, మనింట్లో కొవ్వొత్తి. కాకినాడ నుంచి గుజరాత్ భరూచ్ దాకా పైపు వేసి పట్టుకుపోయారని అప్పట్లో అందరం తిట్టుకున్నాం. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ పైపు లేకపోయినా బావి ఎండేది. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. ఇంకా రాని సరఫరాని వచ్చినట్టే లెక్కేసుకుని దాని మీద వేల కోట్ల బ్యాంకు అప్పు పెట్టారు. అదీ ప్రత్యామ్నాయ ఇంధనానికి ఆర్థికంగా వీల్లేని రేట్లతో. 2015లో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం దేశం మొత్తమ్మీద 14,305 మెగావాట్ల ప్లాంట్లకి దేశీయ గ్యాసు అస్సలు లేదు. రిలీజ్ కాని ఏపీఐ మీద ప్రొడక్ట్ మొత్తం కట్టేసి, డేటు కూడా క్లయింటుకి చెప్పేయడం మనకి కొత్త కాదు. తేడా ఏంటంటే మన ప్రాజెక్టు పోతే బెంచి మీద కూర్చుంటాం, ఇక్కడ ప్లాంట్లు కొన్ని దివాలా కోర్టుకెళ్ళాయి, నష్టం బ్యాంకుల ద్వారా మనందరికీ పంచారు.

బొగ్గు మాత్రం మనదే, 2024-25లో వంద కోట్ల టన్నులు దాటి తవ్వాం. అయినా 2022 ఏప్రిల్లో బొగ్గు రైళ్ళకి దారివ్వడానికి ప్యాసింజర్ రైళ్ళు రద్దు చెయ్యాల్సొచ్చింది. సొంత సరుకైనా గనిలో ఉంటే సరిపోదు మరి.

ఇక సోలార్. "గల్ఫ్ పోయి చైనా వచ్చింది, అంతేగా తేడా?" అని ఈ మధ్య ప్రతివాళ్ళూ అంటున్నారు. ప్యానెళ్ళు ఇక్కడ బిగించినా లోపలి వేఫర్లూ పాలీసిలికాన్ ఎక్కువగా చైనావే, నిజం. కానీ రెండూ ఒకటే అంటే నేనొప్పుకోను. చమురు నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ లాంటిది, ఆపిన రోజున అన్నీ ఆగుతాయి. ప్యానెల్ ఒకసారి కొనుక్కున్న లైసెన్సు. రేపు చైనా ఎగుమతి ఆపేస్తే కొత్తవి పెట్టలేం, నిజమే, కానీ పెట్టినవి ఇంకో ఇరవై ఏళ్ళు కరెంటు ఇస్తూనే ఉంటాయి. ఆ ఇరవై ఏళ్ళూ మనకి దొరికిన నిల్వ రోజులే. రాత్రికి ఏం చేస్తారంటారా? శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల టర్బైన్లు నీళ్ళని వెనక్కి కూడా ఎత్తగలవు, నాగార్జునసాగర్‌లోనూ అలాంటివున్నాయి. పిన్నాపురంలో గ్రీన్‌కోది 1,680 మెగావాట్ల ప్రాజెక్టు. నీళ్ళకి ఏ దేశమూ ఆంక్ష పెట్టలేదు. ఒక్క చోట జాగ్రత్త పడాలి. ఇన్వర్టర్లు ఇంటర్నెట్‌కి తగిలించి ఉంటాయి, వాటి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఎక్కడి సర్వర్ నుంచి వస్తాయో చూసుకోవాలి. అక్కడ మళ్ళీ నయారా కథే. ఇది మాత్రం అచ్చంగా మన వృత్తి వాళ్ళు చూడాల్సిన పని, పెట్రోలియం మంత్రిత్వ శాఖది కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించింది. ఊరంతా సంబరం, నేనూ సంతోషించాను, ఫ్రెండ్స్ గ్రూపులో అప్పుడే ఎండాడలో ఫ్లాటు రేట్లు వెతికేస్తున్నారు. ఒక గిగావాట్ అంటే 24 గంటలకి 2.4 కోట్ల యూనిట్లు. వేమగిరి లాంటి ప్లాంట్లు దాదాపు మూడు, రాత్రీ పగలూ ఆగకుండా తిరగాలి. గాలీ ఎండా అంటున్నారు, మంచిదే. గాలి లేని రాత్రి ఆ గిగావాట్ ఎక్కడి నుంచి వస్తుంది, అది ఎన్ని రోజుల నిల్వ మీద నడుస్తుంది, కొరత వస్తే ముందు ఎవరికి కోస్తారు, డేటా సెంటర్‌కా, అనకాపల్లి రైతు మోటారుకా? కేజీ గ్యాసప్పుడు ఈ వరస దెబ్బ మనకి కొరత వచ్చాకే తెలిసింది. ఈసారి ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే రాసి, అందరికీ కనపడేలా పెట్టమంటున్నాను. మనం రాసే ప్రతి ఎస్‌ఎల్‌ఏలో ఇది మొదటి పేజీలోనే ఉంటుంది.